మధ్యాహ్నపు నీరసానికి నీళ్ళు ఎంతవరకు పనిచేస్తాయి?

అమ్మా, మీరు రాసింది శ్రద్ధగా చదివాను. కావలి దగ్గరి ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయినిగా పనిచేస్తున్నారని, ఉదయం ఇంట్లో కాఫీ తాగి బయలుదేరితే మధ్యాహ్న భోజనం దాకా గుక్కెడు నీళ్ళు కూడా తాగరని, మూడు గంటలయ్యేసరికి కాళ్ళు లాగి, తల దిమ్మెక్కి, పాఠం మీద మనసు నిలవడం లేదని రాశారు. రోజుకు నాలుగు లీటర్ల నీళ్ళు తాగితే ఇదంతా పోతుందని తోటివారు చెబుతున్నారట, అది నిజమేనా అని మీ ప్రశ్న. వయసు నలభైకి దగ్గరని, నెలసరిలో రక్తస్రావం కొంచెం ఎక్కువేనని చివర ఒక్క మాటలో చెప్పి వదిలేశారు. ఆ చివరి మాటను నేను వదిలిపెట్టడం లేదు.

ఒంట్లో నీరు తగ్గినందువల్ల వచ్చిన నీరసమైతే నీళ్ళు తాగితే తగ్గుతుంది, పైగా త్వరగా తగ్గుతుంది. మరో కారణం వల్ల వచ్చిన నీరసమైతే ఎన్ని బిందెలు తాగినా తగ్గదు. మీ విషయంలో రెండూ కలిసి ఉన్నాయేమోనని నా అనుమానం. అందుకని నీళ్ళను ముందుగా ఒక వారం పాటు పరీక్షగా వాడుకోమని, వారం దాటాక కూడా మూడు గంటలకు అదే స్థితి ఉంటే రక్తపరీక్షకు వెళ్ళమని నా సలహా. ఒంగోలు, కందుకూరు, నెల్లూరు ప్రాంతాల్లో ఏళ్ళ తరబడి జనరల్ మెడిసిన్ వైద్యుడిగా పనిచేసినవాణ్ణి కనుక, ఇక్కడి ఎండను, ఇక్కడి నీటిని దృష్టిలో పెట్టుకొని వివరంగా చెబుతాను.

మన శరీర బరువులో సగానికి పైగా నీరే ఉంటుంది. శరీర బరువులో 1 నుంచి 2 శాతం మేరకు నీరు తగ్గినప్పుడు, అంటే 60 కిలోల మనిషి ఒంట్లోంచి 600 నుంచి 1,200 మిల్లీలీటర్ల దాకా పోయినప్పుడు, రక్తంలోని ద్రవభాగం కొంత తగ్గిపోతుంది. దానితో గుండె ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు బయటికి పంపే రక్తం తగ్గుతుంది, ఆ లోటును పూడ్చుకోవడానికి గుండె మరింత వేగంగా కొట్టుకుంటుంది. ఎండాకాలంలో ఒంటి వేడిని బయటికి పంపడానికి చర్మానికి కూడా ఎక్కువ రక్తం కావాలి, కాబట్టి ఉన్న కొద్దిపాటి రక్తం కోసం చర్మమూ కండరాలూ పోటీపడతాయి. గంటసేపు నల్లబల్ల దగ్గర నిలబడి పాఠం చెప్పి, కాసేపు కూర్చొని లేచేసరికి కళ్ళు బైర్లు కమ్మడం, మెట్లెక్కితే గుండె దడదడలాడడం ఈ స్థితికి గుర్తులు. ఇదే సమయంలో మెదడులోని హైపోథాలమస్ రక్తం చిక్కబడడాన్ని పసిగట్టి వాసోప్రెసిన్ అనే హార్మోనును విడుదల చేయిస్తుంది, మూత్రపిండాలు నీటిని పట్టి ఉంచుతాయి, మూత్రం ముదురు పసుపుకు మారుతుంది, దాహం వేస్తుంది. పని ఒత్తిడిలో ఉన్నవారు ఆ దాహాన్ని గమనించరు, గమనించినా అణచుకుంటారు. అరవై దాటినవారిలోనైతే దాహం తెలియడమే మందగిస్తుంది.

ఇంత కొద్ది లోటుకే మనిషి డీలాపడతాడా అన్నది పరిశోధకులు కొలిచి చూసిన సంగతే. అమెరికాలోని కనెక్టికట్ విశ్వవిద్యాలయం వారి అధ్యయనాలు 2011, 2012 సంవత్సరాల్లో వెలువడ్డాయి. ఆరోగ్యవంతులైన యువతుల్లో బరువులో 1.36 శాతం నీరు తగ్గేసరికి తలనొప్పి, అలసట, ఏకాగ్రత కుదరకపోవడం కనిపించాయి, యువకుల్లో 1.59 శాతం దగ్గర అలసట, ఆందోళన పెరిగాయి. ఫ్రాన్సులో జరిపి 2014లో ప్రచురించిన మరొక అధ్యయనం మీ పరిస్థితికి ఇంకా దగ్గరగా ఉంటుంది. రోజుకు 1.2 లీటర్ల కంటే తక్కువ తాగే అలవాటున్నవారి చేత 2.5 లీటర్లు తాగించినప్పుడు వారిలో అలసట, మనసు గందరగోళం తగ్గాయి, బాగా తాగే అలవాటున్నవారికి ఒక లీటరుకు కుదించినప్పుడు ఉత్సాహం, ప్రశాంతత తగ్గాయి. ఇవి కొద్దిమందిపై కొద్దిరోజులు చేసిన అధ్యయనాలే కనుక వీటి మీద మరీ పెద్ద భవనం కట్టకూడదు. అలవాటుగా తక్కువ తాగేవారికి మేలు జరుగుతుందని మాత్రం వీటిని బట్టి ధైర్యంగా చెప్పవచ్చు. ఇప్పటికే చాలినంత తాగుతున్నవారు ఇంకా ఎక్కువ తాగితే అదనపు సత్తువ వస్తుందని వీటిలో ఎక్కడా లేదు.

ఇక మన ప్రాంతం సంగతి. కావలి, అల్లూరు, నెల్లూరు వంటి తీరప్రాంతాల్లో గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరకుండా ఒంటినిండా కారుతుంది, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు, కాబట్టి శరీరం ఇంకా ఇంకా చెమటను పోస్తూనే ఉంటుంది. పొదిలి, కనిగిరి, ఉదయగిరి వైపు పడమటి గాలి పొడిగా వీస్తుంది. అక్కడ చెమట పుట్టిన వెంటనే ఆరిపోతుంది, చొక్కా తడవదు, మనిషికి తన ఒంట్లోంచి ఎంత నీరు పోయిందో తెలియనే తెలియదు. ఆ వైపు నుంచి వచ్చే రోగులు "నాకు చెమటే పట్టలేదండీ" అని చెబుతుంటే, వారి నాలుక పిడచగట్టుకుపోయి ఉండడం చాలాసార్లు చూశాను. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో, పొగాకు కాల్చే బ్యారన్ల దగ్గర, రొయ్యల గుంటల గట్ల మీద పనిచేసేవారికి గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ చెమట పోతుంది. 2015 మే నెల వడగాడ్పుల్లో మన రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు, అప్పుడు తీవ్రంగా దెబ్బతిన్న జిల్లాల్లో ప్రకాశం ఒకటి. ఇదంతా చెప్పడం ఎందుకంటే, చల్లని దేశాల వారి లెక్కను మన రోహిణి కార్తెకు, క్వారీ కార్మికుడి లెక్కను నీడన కూర్చొని పనిచేసేవారికి అంటగట్టడం వల్లనే ఎంత తాగాలన్న గందరగోళం పుడుతోంది.

మీ తోటివారు చెప్పిన నాలుగు లీటర్లు మీకు అవసరం లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఆరోగ్యవంతులకు రోజుకు సుమారు 8 గ్లాసులు, అంటే 2 లీటర్ల నీరు సూచించింది. అమెరికా వారి 2004 నాటి ప్రమాణం స్త్రీలకు 2.7 లీటర్లు, పురుషులకు 3.7 లీటర్లు అని చెబుతుంది కానీ, అది ఆహారంలోని నీటితో సహా వేసిన మొత్తం. మన భోజనంలో నీరు తక్కువేమీ కాదు. ఉడికిన అన్నం బరువులో సగానికి పైగా నీరే, ఆపైన చారు, పప్పుచారు, మజ్జిగ, దోసకాయ, సొరకాయ, వేసవిలో పుచ్చకాయ, తాటిముంజలు ఉండనే ఉన్నాయి. పాఠశాలలో నీడపట్టున పనిచేసే మీకు మామూలు రోజుల్లో రెండు లీటర్లు, ఎండలు ముదిరినప్పుడు రెండున్నర నుంచి మూడు లీటర్లు సరిపోతాయి. ఎండలో శ్రమ చేసేవారికి మాత్రం ఇది చాలదు. వారు దాహం కోసం ఎదురుచూడకుండా పదిహేను ఇరవై నిమిషాలకొకసారి ఒక గ్లాసు తాగుతుండాలి.

కాఫీ, టీలు ఒంట్లో నీటిని లాగేస్తాయన్న మాట చాలాకాలంగా ప్రచారంలో ఉంది. అలవాటున్నవారికి రోజుకు రెండు మూడు కప్పుల వల్ల అలాంటి నష్టమేమీ జరగదు, అందులోని నీరు కూడా లెక్కలోకే వస్తుంది. అయితే మీరు నీరసం వచ్చినప్పుడల్లా టీ తాగి నెట్టుకొస్తున్నట్లయితే అది వేరే ఇబ్బంది. కెఫీన్ సగం కరగడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది కనుక సాయంత్రపు టీ రాత్రి నిద్రను చెడగొట్టి, మరుసటి మధ్యాహ్నానికి మళ్ళీ నీరసాన్ని తెచ్చిపెడుతుంది.

మీరు ఉదయం నుంచి నీళ్ళు ఎందుకు తాగడం లేదో రాయలేదు, కానీ మీ వృత్తిలో ఉన్న ఎంతోమంది స్త్రీలను చూసినవాణ్ణి కనుక ఊహించగలను. తాగితే మరుగుదొడ్డికి వెళ్ళవలసి వస్తుంది, ఉన్నది శుభ్రంగా ఉండదు, లేదా తరగతికీ తరగతికీ మధ్య వెళ్ళే వ్యవధి ఉండదు. ఆర్టీసీ బస్సుల్లో పనిచేసే మహిళా కండక్టర్లు, నెల్లూరు బట్టల దుకాణాల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే అమ్మాయిలు, ఉన్నత తరగతుల విద్యార్థినులు అందరూ చేసేది ఇదే. వీరికి నీరసంతో పాటు మూత్రంలో మంట, మూత్రనాళ ఇన్ఫెక్షన్లు, మూత్రపిండాల్లో రాళ్ళు వస్తాయి. "నీళ్ళు బాగా తాగమ్మా" అని చీటీ మీద రాసి పంపిస్తే వైద్యుడి పని అయిపోయినట్టు కాదు, ఆమె ఎక్కడికి వెళ్ళగలదో కూడా అడగాలి. 2019 నవంబరు 14న ఒంగోలులోనే మొదలైన 'మన బడి నాడు-నేడు' కార్యక్రమంలో నీటి వసతి ఉన్న మరుగుదొడ్లకు ప్రాధాన్యం ఇచ్చారు. మీ పాఠశాలలో అవి ఉంటే, వాటి శుభ్రత గురించి ప్రధానోపాధ్యాయులతో నిక్కచ్చిగా మాట్లాడండి, ఇది మీ ఒక్కరి సౌకర్యానికి సంబంధించిన విషయం కాదు. కేరళలో 2019లో మొదలైన 'వాటర్ బెల్' పద్ధతిని మన రాష్ట్రంలోనూ వేసవిలో పాటించారు. గంట కొట్టినప్పుడు పిల్లలందరూ తమ సీసాల్లోంచి నీళ్ళు తాగుతారు. దాన్ని ఏడాది పొడవునా మీ తరగతిలో అమలు చేస్తే పిల్లలతో పాటు మీరూ తాగుతారు.

ఏ నీరు తాగాలన్నది మన ప్రాంతంలో పక్కన పెట్టగలిగిన విషయం కాదు. కనిగిరి, పామూరు, పొదిలి, దర్శి వైపు భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండడం మంచిదని, వేరే ఆధారం లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు సహించవచ్చని మన దేశ ప్రమాణం. అంతకు మించిన బోరునీటిని "ఆరోగ్యం కోసం" రెట్టింపు తాగితే ఒంట్లోకి వెళ్ళే ఫ్లోరైడ్ కూడా రెట్టింపవుతుంది, అందువల్ల పళ్ళు గారపట్టడం, కీళ్ళు, వెన్ను బిగుసుకుపోవడం వంటివి ముదురుతాయి. ఆ ప్రాంతాల వారు ముందు నీటిని పరీక్ష చేయించుకొని, ఫ్లోరైడ్ తొలగించిన నీటిని తాగడానికి, వంటకు కూడా వాడాలి. కాచి చల్లార్చితే క్రిములు పోతాయి గానీ ఫ్లోరైడ్ పోదు. మీ కావలిలో క్యాన్లలో వచ్చే ఆర్వో నీరు తాగుతున్నట్లయితే, సరైన భోజనం చేసేవారికి అందులో ఖనిజాలు తక్కువన్న దిగులు అక్కరలేదు, క్యాను లోపలి శుభ్రతను మాత్రం చూసుకోండి.

నీటితో పాటు ఉప్పు సంగతీ చెప్పాలి. నీడన ఉండి మూడు పూటలా భోజనం చేసే మీకు విడిగా ఉప్పు కలుపుకోవలసిన అవసరం లేదు, మన పచ్చళ్ళలో, కూరల్లో ఉన్నది చాలినంత కంటే ఎక్కువే. గంటల తరబడి చెమట కార్చేవారికి ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, నిమ్మరసంలో చిటికెడు ఉప్పు, కాస్త చక్కెర కలిపిన నీరు, ఉప్పు వేసిన రాగి అంబలి ఎంతో మేలు. ఉదయం మజ్జిగ పోసిన చద్దన్నం తిని పొలానికి వెళ్ళే పాత అలవాటులో నీరు, ఉప్పు, తిండి మూడూ ఒకేసారి అందేవి. దాని బదులు పంచదార పానీయాల సీసాలు రావడం నాకు బాధ కలిగించే మార్పు. విరేచనాలు, వాంతులు అయినప్పుడు మాత్రం ఇంటి పానీయాలతో సరిపెట్టకుండా అసలైన ఓఆర్‌ఎస్ పొట్లాన్ని లీటరు నీటిలో కలిపి తాగాలి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ వేలమందిని కలరా నుంచి కాపాడింది ఇలాంటి ద్రావణంతోనే. ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టుకున్న తీపి పానీయాల డబ్బాలు దుకాణాల్లో విరివిగా దొరికేవి. ప్రమాణానికి తగని వాటి మీద ఆ పేరు వాడకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనదేనా అని పొట్లం మీద చదివి తీసుకోండి.

ఎక్కువ తాగడం వల్ల వచ్చే ప్రమాదాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మూత్రపిండాలు గంటకు దాదాపు ఒక లీటరును మించి బయటికి పంపలేవు. అంతకంటే వేగంగా లీటర్లకు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పలచబడి వికారం, తలనొప్పి, మగత, ఆపైన మూర్ఛ దాకా రావచ్చు. 2002 బోస్టన్ మారథాన్‌లో రక్తపరీక్ష చేయించుకున్న 488 మంది పరుగువీరుల్లో 13 శాతం మందికి సోడియం తగ్గి ఉన్నట్టు తేలింది, దానికి ముఖ్య కారణం పరుగు మధ్యలో అతిగా తాగడమే. ఇంతకంటే మనకు దగ్గరగా ఉన్న ప్రమాదం మరొకటుంది. గుండె బలహీనపడినవారు, మూత్రపిండాల జబ్బు ముదిరినవారు, కాలేయం చెడి పొట్టలో నీరు చేరినవారు రోజుకు ఎంత తాగాలో వారి వైద్యులు కొలత చెబుతారు. కనిగిరి ప్రాంతంలో మూత్రపిండాల రోగులు ఎక్కువగా ఉన్నందున ఈ మాట నొక్కి చెబుతున్నాను, ఇక్కడ మీకు చెప్పిన కొలతలు వారికి వర్తించవు. మీ ఇంట్లో అలాంటి పెద్దవారుంటే నా సమాధానం చదివి వారి చేత ఎక్కువ తాగించవద్దు.

ఇప్పుడు మీరు చేయవలసిన వారం రోజుల పరీక్ష. లేవగానే ఒక గ్లాసు, ఉపాహారంతో ఒకటి తాగి, లీటరు సీసాను వెంట తీసుకెళ్ళి మధ్యాహ్న భోజనం లోపు సగానికి పైగా, సాయంత్రం నాలుగు లోపు మిగతాది పూర్తిచేయండి. ఇంటికి వచ్చాక రెండు గ్లాసులు చాలు, పడుకునే ముందు గడగడా తాగితే రాత్రి లేవవలసి వచ్చి నిద్ర చెడుతుంది. మధ్యాహ్నం మూత్రం లేత గడ్డి రంగులో ఉంటే నీరు సరిపోయినట్టు. నిద్ర లేవగానే వచ్చే మూత్రం ఎవరికైనా కొంచెం ముదురుగానే ఉంటుంది, బి-కాంప్లెక్స్ మాత్ర వేసుకున్న రోజు చిక్కటి పసుపుగా వస్తుంది, వాటిని చూసి కంగారుపడవద్దు. ఆ వారంలో భోజనం వేళలు, నిద్ర వేళలు మార్చవద్దు, మారిస్తే మేలు దేనివల్ల కలిగిందో తెలియదు. మూడు గంటలకు ఎలా ఉందో రోజూ ఒక ముక్క రాసి పెట్టుకోండి. తాగిన నీరు నిమిషాల్లోనే రక్తంలోకి చేరడం మొదలవుతుంది కనుక, మీ నీరసానికి నీటి లోటే కారణమైతే మొదటి రెండు మూడు రోజుల్లోనే తేడా తెలుస్తుంది. అన్నం ఎక్కువగా తిన్న తరువాత వచ్చే కునుకు, మధ్యాహ్నం వేళ సహజంగా కలిగే కొద్దిపాటి మందగింపు నీళ్ళ వల్ల పూర్తిగా పోవు, వాటిని ఈ లెక్కలో వేయవద్దు.

వారం గడిచినా తేడా లేకపోతే, తేడా సగమే కనిపించినా సరే, రక్తహీనత ఉందేమో చూడాలి. మన రాష్ట్రంలో పదిహేను నుంచి నలభైతొమ్మిది ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. నెలసరిలో రక్తం ఎక్కువగా పోయే మీకు ఆ అవకాశం మరింత ఎక్కువ. హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనతగా లెక్క, అది 12 దాటి ఉన్నా ఒంట్లో ఇనుము నిల్వలు తరిగిపోయి ఉండవచ్చు కనుక ఫెరిటిన్ కూడా చూపించుకోండి. థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, పరగడుపున చక్కెర, శాకాహారులైతే విటమిన్ బి12 పరీక్షలు చాలు, పెద్ద పెద్ద ప్యాకేజీల పరీక్షల మీద డబ్బు తగలేయవద్దు. ఎంత తాగినా దాహం తీరక, మూత్రం పదేపదే వస్తూ నీరసంగా ఉంటే అది మధుమేహం కావచ్చు, అలాంటివారు వారం ఆగకుండా ఆ రోజే చక్కెర పరీక్ష చేయించుకోవాలి. బరువు తగ్గడం, సాయంత్రం జ్వరం, రెండు వారాలు దాటిన దగ్గు, ఆయాసం, ఛాతీలో నొప్పి ఉన్నవారు కూడా ఆగకూడదు. మీరు వాడుతున్న మందుల పేర్లు కూడా వైద్యులకు చెప్పండి. జలుబుకు వేసుకునే సెట్రిజిన్, రక్తపోటుకు ఇచ్చే కొన్ని మాత్రలు మగతను, నీరసాన్ని తెస్తాయి, మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మాత్రలు నీటి లోటునే తెస్తాయి.

ఇనుము తక్కువని తేలి మాత్రలు రాసిస్తే, వాటిని కాఫీ, టీలకు కనీసం గంట దూరంలో, వీలైతే నిమ్మరసంతో కలిపి వేసుకోండి, హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చాక కూడా నిల్వలు నిండడానికి మరో రెండు మూడు నెలలు కొనసాగించండి. రక్తం ఎందుకు ఎక్కువగా పోతోందో తేలనిదే మాత్రలతో నింపినది నిలవదు కనుక, స్త్రీ వైద్య నిపుణురాలిని కలిసి గర్భాశయ స్కానింగ్ అవసరమా అని తప్పకుండా అడగండి.